సున్నపురాతి సెస్సు వ్యాజ్యము, దాని పరిష్కారము, మన గ్రామముల వాటా

జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతముల మెట్టరైతునకు సున్నపురాయి క్రొత్తది కాదు. బావి త్రవ్వించుకొనువారిలో పలువురకు మొదట తగులునది అదియే. పూర్వము శిల్పులు ఈ రాతి పలకలనే చెక్కి, జగ్గయ్యపేట చెంత ధనంబోడుపైనున్న బౌద్ధస్తూపమునకు అమర్చిరి. 1882లో జేమ్సు బర్జెసు దొర ఆ దిబ్బను పరిశోధించెను. అందు దొరకిన శిల్పములు కొన్ని నేటికిని చెన్నపట్టణపు వస్తుప్రదర్శనశాలలో నున్నవి. దిబ్బకు ధనంబోడని పేరిడినవారు రాతి విలువను తలచి పెట్టిరో లేదో గాని, ఆ పేరు ఇప్పుడు బాగుగా పొసగుచున్నది. జయంతిపురమునందును, ముక్త్యాలయందును పెద్ద సిమెంటు కర్మాగారములు వెలసినవి. ఒకనాడు శిల్పముగా మారిన రాతిజాతియే నేడు కొలిమిలో కాలి, బస్తాలకెక్కి, దేశమంతట పోవుచున్నది.

రాయి పోవుచున్నప్పుడు, అది పుట్టిన గ్రామమునకును జిల్లాకును రావలసినదేమి యని మన సభ్యులు అడుగుట సహజము. ఈ ప్రశ్నపైననే గనుల కంపెనీలకును, స్థానిక ప్రభుత్వముల పక్షమున నిలిచిన రాష్ట్రములకును ఇంచుమించు అరువది యేండ్లు కోర్టులలో వాదము నడచినది. 2024 జూలై 25వ తేదీన సుప్రీముకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము దానికి తీర్పు చెప్పెను. అదే సంవత్సరము ఆగస్టు 14వ తేదీన పాత బకాయిల వసూలునకు షరతులు కూడ నిర్ణయించెను. అందు మన లాభనష్టములు కొన్ని ఇమిడియున్నవి గావున, ఈ వ్యవహారమును మొదటినుండి వివరించెదను.

ఇది బోధపడుటకు న్యాయశాస్త్రము చదువ నక్కఱలేదు. కౌలునకును శిస్తునకును గల భేదము తెలిసినచో సగము తెలిసినట్లే. రైతు సర్కారునకు కట్టునది శిస్తు. అది చట్టముచే విధింపబడినది; రైతు ఒప్పుకొన్నను ఒప్పుకొనకున్నను కట్టవలసినదే. కౌలుదారు ఆసామికి ఇచ్చునది కౌలు. అది ఇద్దరి నడుమ ఒడంబడికవలన పుట్టినది. ఆసామి సొత్తును వాడుకొన్నందుకు ప్రతిఫలము. గనిని కౌలునకు తీసికొన్న కంపెనీ టన్నునకింత యని సర్కారునకు కట్టు సొమ్మును రాయల్టీ యందురు. ఈ రాయల్టీ శిస్తు వంటిదా, కౌలు వంటిదా? వ్యాజ్యమంతయు ఈ ఒక్క మాటపై తిరిగినది.

మాట చిన్నదేగాని దానివలన కలుగు ఫలము చిన్నది కాదు. మన రాజ్యాంగమునందు అధికారములు జాబితాలుగా పంచబడినవి. గనుల క్రమబద్ధీకరణ, పార్లమెంటు తన చేతిలోనికి తీసికొన్నంతమేరకు, కేంద్రమునది. భూములపై పన్ను రాష్ట్రమునది. ఖనిజ హక్కులపై పన్నుకూడ రాష్ట్రమునదే గాని, దానికి పార్లమెంటు హద్దులు పెట్టవచ్చును. రాయల్టీ రేటును 1957 నాటి గనుల చట్టము క్రింద కేంద్రము నిర్ణయించును. రాయల్టీయే ఒక పన్ను అనుకొన్నచో, ఖనిజముపై పన్ను కేంద్రము వేసియే యున్నదని, దానిపై మరల రాష్ట్రముగాని పంచాయతీగాని సెస్సు వేయుటకు తావులేదని వాదింపవచ్చును. రాయల్టీ వట్టి కౌలే యన్నచో ఆ అడ్డు తొలగిపోవును.

మొదటి వ్యాజ్యము మన తెలుగునేలపైననే పుట్టినది. పూర్వము మద్రాసు రాజధానిలో 1920 నాటి జిల్లాబోర్డుల చట్టముండెడిది. మన కృష్ణా జిల్లాబోర్డుకూడ దానిక్రిందనే పనిచేసినది. ఆ చట్టము 78, 79 సెక్షనుల ననుసరించి భూమిపై లాండుసెస్సు వసూలగుచుండెను. రోడ్లు, వైద్యశాలలు, పాఠశాలలు నడుపుటకు జిల్లాబోర్డులకు ఇట్టి సొమ్మే ఆధారము. చిత్తూరు జిల్లాలో ఇనుపరాతి గనిని కౌలునకు తీసికొన్న ఒకరు, తాను కట్టు రాయల్టీపై సెస్సు విధించుట చెల్లదని కలెక్టరుపై వ్యాజ్యము తెచ్చిరి. 1964లో సుప్రీముకోర్టు ఆ వాదమును త్రోసివేసెను. రాయల్టీ భూమినుండి వచ్చు రాబడియే గావున, దానిని కొలమానముగా పెట్టుకొని వేసిన సెస్సు భూమిపై పన్నే యగునని తీర్పు చెప్పెను. ఆ నాటికి ఆంధ్రప్రదేశములో జిల్లాబోర్డులు పోయి, 1959 చట్టముతో పంచాయతీసమితులు, జిల్లాపరిషత్తులు వచ్చియుండెను. పేర్లు మారినను రోడ్లు, పాఠశాలల భారము మాత్రము స్థానిక సంస్థలపైననే నిలిచినది.

అట్లు పాతికేండ్లు గడచినవి. తమిళనాడులో 1958 నాటి పంచాయతీల చట్టము 115వ సెక్షను క్రింద ప్రతి రూపాయి భూమిశిస్తుపై 45 పైసల లోకలుసెస్సు ఉండెను. భూమిశిస్తనగా రాయల్టీకూడ అందు చేరునని 1964లో చట్టమునకు ఒక వివరణ తగిలించిరి. దానితో సున్నపురాయి త్రవ్వుచున్న ఇండియా సిమెంట్సు కంపెనీ రూపాయి రాయల్టీపై 45 పైసలు అదనముగా కట్టవలసివచ్చెను. కంపెనీ ఎదురుతిరిగినది. 1989 అక్టోబరులో ఏడుగురు న్యాయమూర్తులు కంపెనీ పక్షమున తీర్పిచ్చిరి. రాయల్టీ పన్నేయనియు, దానిపై సెస్సు వేయు నధికారము రాష్ట్రమునకు లేదనియు, చిత్తూరు తీర్పు సరికాదనియు వారు చెప్పిరి. కాని అంతవరకు వసూలైన సెస్సును వాపసు చేయనక్కఱలేదనిరి. ఈ చివరి మాట న్యాయమైనది. పంచాయతీలు ఆ సొమ్మును ఎన్నడో ఖర్చు పెట్టియుండును. తిరిగి యిమ్మన్నచో వేసిన రోడ్డును పెకలించి యిచ్చుటకు వీలులేదు గదా!

ఈ తీర్పుతో పలు రాష్ట్రములలో ఖనిజ సెస్సులు ఒకదాని వెంట నొకటి కూలిపోయెను. వాపసు కొఱకు వ్యాజ్యములు ముసరుకొనగా, 1991 ఏప్రిలు 4వ తేదీవరకు వసూలైన దానిని నిలబెట్టుటకు పార్లమెంటు 1992లో ఒక చట్టము చేసెను. ఆ తరువాతి కాలమునకు మాత్రము తలుపు మూతపడినది.

ఇచ్చట ఒక విచిత్రము గలదు. 2004 జనవరిలో పశ్చిమ బెంగాలునకు చెందిన కేసోరాం ఇండస్ట్రీసు కేసు ఐదుగురు న్యాయమూర్తుల యెదుటకు వచ్చినప్పుడు, వారు 1989 తీర్పును అక్షరమక్షరము పరిశీలించిరి. ‘రాయల్టీ పన్ను’ అని అందు వ్రాయబడియున్నది గాని, ముందు వెనుకలు చూడగా, ‘రాయల్టీపై సెస్సు పన్ను’ అని యుండవలసినదనియు, వ్రాతలోనో అచ్చులోనో ఒక మాట జారిపోయినదనియు వారు తేల్చిరి. పదునైదేండ్లు రాష్ట్రముల ఖజానాలు ఒక జారిపోయిన మాటకు లోబడి నడచినవన్నమాట. దస్తావేజు వ్రాయించుకొన్నవారు దానిని తిరిగి చదివించుకొని వినవలెనని మేము గ్రామములలో చెప్పుచుందుము. అది సుప్రీముకోర్టునకును వర్తించును.

అయినను, ఏడుగురు చెప్పినదానిని ఐదుగురు కొట్టివేయుటకు వీలులేదు. 1989 తీర్పొకవైపు, 2004 తీర్పొకవైపు లాగుచుండగా, జార్ఖండులోని ఖనిజప్రాంత అభివృద్ధి సంస్థకును స్టీలు అథారిటీ కంపెనీకిని నడుమ నడచుచున్న వ్యాజ్యములో, 2011 మార్చి 30వ తేదీన ఈ సంగతిని తొమ్మండుగురు న్యాయమూర్తులకు నివేదించిరి. నివేదించిన పిమ్మట పదమూడేండ్లు గడచినవి. ఎట్టకేలకు 2024 ఫిబ్రవరి, మార్చి నెలలలో వాదనలు విని, జూలైలో తీర్పు వెలువరించిరి.

ఎనమండుగురి పక్షమున ప్రధాన న్యాయమూర్తి డి. వై. చంద్రచూడ్ గారు తీర్పు వ్రాసిరి. రాయల్టీ పన్ను కాదు. గని కౌలుదారు ఖనిజహక్కునకై కౌలునకిచ్చినవారికి చెల్లించు ఒడంబడిక ప్రతిఫలము. ఖనిజ హక్కులపై పన్ను వేయు నధికారము రాష్ట్ర శాసనసభలదే. పార్లమెంటు దానికి హద్దులు పెట్టవచ్చునుగాని 1957 చట్టములో అట్టి హద్దు లేదు. ఖనిజములున్న భూమిపై రాష్ట్రము పన్ను వేయవచ్చును. వెలికితీసిన ఖనిజమును లేక రాయల్టీని దానికి కొలతగా పెట్టుకొనవచ్చును. 1989 తీర్పు రద్దైనది. న్యాయమూర్తి బి. వి. నాగరత్నగారు ఒక్కరు భిన్నముగా వ్రాసిరి. రాష్ట్రములు పోటీపడి పన్నులు పెంచినచో దేశమున ఖనిజాభివృద్ధి కుంటుపడునని ఆమె భయము. ఆ భయము పూర్తిగా నిరాధారమని నేననజాలను. పన్ను పెరిగినచో బస్తా ధరయు పెరుగును. పశువులపాక కట్టుకొను రైతుకూడ సిమెంటు కొనువాడే.

తీర్పు వచ్చిన వెంటనే అసలు తగాదా బయటపడెను. చట్టము ఎల్లప్పుడును ఇట్లే యుండెనన్నచో కంపెనీలు దశాబ్దముల బకాయి కట్టవలెనా? తీర్పును ఇకముందు కాలమునకే వర్తింపజేయవలెనని కేంద్రమును కంపెనీలును కోరెను. మాకు రావలసినది మాకిప్పింపవలెనని రాష్ట్రములు కోరెను. ఆగస్టు 14వ తేదీ ఉత్తరువు ఈ రెంటికిని మధ్యమార్గము. తీర్పు పాతకాలమునకుకూడ వర్తించును. అయితే 2005 ఏప్రిలు 1వ తేదీకి ముందు జరిగిన లావాదేవీలపై పన్ను అడుగరాదు. ఆ తరువాతి బకాయిని 2026 ఏప్రిలు 1వ తేదీ మొదలుకొని పండ్రెండేండ్లలో వాయిదాలమీద చెల్లింపవచ్చును. 2024 జూలై 25వ తేదీకి ముందు కాలపు బకాయిపై వడ్డీయు జరిమానాయు పూర్తిగా మాఫీ.

దీనిని రాజీ యని కొందరు చెప్పుకొనుచున్నారు. ఖచ్చితముగా చూచినచో ఇది రాజీ కాదు. రాజీ యనగా ఉభయపక్షములు తమంతట తాము ఒప్పుకొని వ్రాతమూలముగా సంతకములు చేయగా, సివిలు ప్రొసీజరు కోడు 23వ ఆర్డరు ననుసరించి కోర్టు దానిని డిక్రీ చేయుట. లోక్ అదాలతులో కుదిరిన ఒప్పందముకూడ 1987 చట్టము ప్రకారము డిక్రీతో సమానము. దానిపై అప్పీలు లేదు. ఇచ్చట కంపెనీలు ఒప్పుకొని సంతకము పెట్టలేదు, కోర్టే షరతులు నిర్ణయించెను. కాని షరతుల స్వభావము మాత్రము రాజీదే. మన సంఘములందు పాతబాకీదారునితో పరిష్కారమునకు వచ్చునప్పుడు చేయుపనియు నిట్టిదే: అసలు వదలము, వడ్డీ తగ్గింతుము, గడువిత్తుము. అయితే వడ్డీ మొత్తముగా వదలుటయు, పండ్రెండేండ్ల గడువిచ్చుటయు రెండును కలిపి ఏ బ్యాంకుగాని చిన్నరైతునకు ఈయగా నేను చూడలేదు.

ఇక మన సంగతి. ఇందు రెండు అపోహలు తొలగవలెను.

కంపెనీ మన పంచాయతీకి ఇన్ని కోట్లు బాకీ పడినదని, పంచాయతీ నోటీసు పంపినచో చాలునని అనుకొనుట మొదటిది. బాకీ యుండవలెనన్నచో ముందు పన్ను విధించు చట్టముండవలెను. చట్టాధికారము లేనిదే పన్ను లేదని రాజ్యాంగము 265వ అధికరణము చెప్పుచున్నది. సుప్రీముకోర్టు అధికారము ఎవరిదో తేల్చెనుగాని, తాను పన్ను వేయలేదు. ఏ రాష్ట్రములో పన్ను చట్టముండి, డిమాండు వేయబడినదో అచ్చటనే వాయిదాల ప్రసక్తి.

ఇది స్థానిక సంస్థల గెలుపని అనుకొనుట రెండవది. గెలిచినది రాష్ట్ర శాసనసభ. పంచాయతీకి ఏ పన్ను విధించు అధికారమీయవలెనో, ఏ పన్నులో ఎంత వాటా పంచవలెనో నిర్ణయించునది 243-హెచ్ అధికరణము ప్రకారము ఆ సభయే. నాటి జిల్లాబోర్డు సెస్సు జిల్లాకే చెందెడిది. నేటి ఖనిజపు పన్ను శాసనము వేరుగా చెప్పిననేగాని రాష్ట్ర ఖజానాకే పోవును. తమిళనాడు ప్రభుత్వము తీర్పు ఆధారముగా 2024లో ఖనిజభూముల పన్ను చట్టము చేసి, 2025 ఏప్రిలు 4వ తేదీనుండి అమలునకు తెచ్చి, సున్నపురాతికి టన్నుకు 160 రూపాయలు విధించెను. ఇది 2014 సెప్టెంబరులో కేంద్రము నిర్ణయించిన 80 రూపాయల రాయల్టీకి రెట్టింపు.

ఈ లెక్కను బస్తామీద వేసి చూతము. ఒక టన్ను సిమెంటునకు స్థూలముగా ఒకటిన్నర టన్నుల సున్నపురాయి కావలెను. బూడిద మొదలగునవి కలిపిన సిమెంటునకు అంతకన్న తక్కువ చాలును. టన్నుకు 50 కిలోల బస్తాలు ఇరువది. 80 రూపాయల రాయల్టీ బస్తాకు 6 రూపాయలు పడును. 160 రూపాయల పన్ను పూర్తిగా కొనువానిపై వేసినచో బస్తాకు 12 రూపాయలు. ఇల్లు కట్టువానికి ఇది తెలియును. దేశమంతట సిమెంటు కొనువారు తలకొంచెము మోసెడి భారమైనను, గనిప్రక్కన నుండువానికి ఒక్కనికే ధూళి.

అయితే మన జిల్లాకు నేరుగా చెందవలసిన సొమ్మొకటి ఇప్పటికే గలదు. దానినిగూర్చి రైతులలో తెలిసినవారు తక్కువ. 2015లో గనుల చట్టమునకు 9-బి సెక్షను చేర్చి, ప్రతి గనుల జిల్లాలో జిల్లా ఖనిజ ఫౌండేషను నెలకొల్పవలెనని విధించిరి. 2015 జనవరి 12వ తేదీకి ముందు పొందిన గని కౌలునకు రాయల్టీలో నూటికి 30 వంతులు, ఆ తరువాత పొందినదానికి 10 వంతులు, రాయల్టీకి అదనముగా కంపెనీ ఈ నిధికి కట్టవలెను. 80 రూపాయల రాయల్టీపై పాతకౌలు గని టన్నుకు 24 రూపాయలు, క్రొత్తది 8 రూపాయలు కట్టునన్నమాట. పాతగనిలో రోజుకు వేయి టన్నులు తీసినచో నిధికి చేరునది 24,000 రూపాయలు. బస్తామీద లెక్కించినచో ఇది 1 రూపాయి 80 పైసలు. ఈ నిధి విషయమునను వ్యాజ్యము నడచినది. ఏ తేదీనుండి కట్టవలెనను తగాదాలో 2017 అక్టోబరున సుప్రీముకోర్టు, రేట్లు నిర్ణయింపబడిన 2015 సెప్టెంబరు 17వ తేదీకి ముందు కాలమునకు ఇతర ఖనిజముల కంపెనీలనుండి కోరరాదని చెప్పెను; బొగ్గునకు తేదీ వేరు.

ఈ సొమ్ము గనులవలన బాధకు లోనైన ప్రాంతములకును ప్రజలకును ఖర్చుపెట్టవలసినది. 2015 మార్గదర్శకములలో నూటికి 60 వంతులు త్రాగునీరు, వైద్యము, విద్య, పర్యావరణము మొదలగు ముఖ్యావసరములకును, మిగిలినది రోడ్లు, సేద్యపునీరు, వాటర్‌షెడ్డు పనులు మొదలగువానికిని కేటాయించిరి. 2024లో సవరించిన మార్గదర్శకములలో ముఖ్యావసరముల వాటా 70 వంతులకు పెరిగినది. గనికి 15 కిలోమీటర్ల లోపలి ప్రాంతమును నేరుగా ప్రభావితమైనదిగా ఎంచవలెనని, నిధిలో 70 వంతులకు తగ్గకుండ అచ్చటనే వెచ్చింపవలెనని చెప్పబడినది. కావున ప్రతి గ్రామమువారు తమ ఊరు ఏ గనికి ఎంత దూరమున నున్నదో మొదట తేల్చుకొనవలెను. రోడ్డు వెంబడి దూరము కాదు, గీత గీచినట్లు నేరుగా కొలువవలెను.

2022 ఏప్రిలునుండి మన ప్రాంతము ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది గావున, కలెక్టరు కార్యాలయము విజయవాడలో గలదు. ఫౌండేషనునకు అధ్యక్షులు కలెక్టరుగారే. మచిలీపట్టణమునకు అర్జీ పంపుట వ్యర్థము. గ్రామసభలో తీర్మానము చేయించి, పంచాయతీ ముద్రతో పంపి, అందినట్లు రసీదు తీసికొనవలెను. నిధికి ఏ గనినుండి ఏ సంవత్సరము ఎంత చేరినది, ఏ గ్రామమునకు ఏ పని మంజూరైనదియను వివరములు 2005 సమాచారహక్కు చట్టము క్రింద 10 రూపాయల రుసుముతో అడుగవచ్చును. 30 దినములలో జవాబీయవలెను.

అర్జీ వ్రాయునప్పుడు పంటలన్నియు పాడైనవి, ఆదుకొనవలెనని వ్రాసినచో ఎవరును లెక్కచేయరు. సున్నపుధూళి ఆకుపై పడి, మంచుతో తడిసి, పొరకట్టినచో ఆకు వెలుతురును గాలిని చాలినంత గ్రహింపజాలదు. మిరప, ప్రత్తి పూతదశలో నున్నప్పుడు నష్టమెక్కువ. మన నల్లరేగళ్లలో సున్నము స్వభావముచేతనే యుండును గావున, భూమి పాడైనదని చెప్పుటకన్న ఆకుపై ధూళిని చూపుటయే సాక్ష్యమునకు మేలు. గనికి చేరువనున్న చేనొకటి, గాలికి ఎదుటిదిశనున్న దూరపు చేనొకటి ఎన్నుకొని, ఒకేనాడు నాటిన ఒకేరకపు పైరును ప్రతి పక్షమునకు ఒకసారి చూచి, తేదీ, గాలిదిశ, ఆకులపై పొర, పూత, కాపు, కడకు ఎకరమునకు వచ్చిన దిగుబడి ఒక పుస్తకములో వ్రాసియుంచవలెను. పేలుళ్లకు ముందును తరువాతను బావిలో నీటిమట్టము కొలచి, అదియు నందే వ్రాయవలెను. దిగుబడి తూకమునకు సంఘపు కాటా చీటి జతపఱచినచో అధికారులు కాదనజాలరు. ఇట్టి పుస్తకమునకు కావలసిన గడుల నమూనా సంఘ కార్యాలయమున దొరకును. ఖరీపు విత్తనమునకు ముందే తీసికొనుడు.